వాళ్ళింట్లో కాఫీ

మార్చి 3, శుక్రవారం

చర్చి కింది గదిలో పిల్లల గుంపుకి ఇవాళ పధ్నాలుగు మంది వచ్చారు. ఇటలీ దాతలు పంపిన పెట్టె విప్పాం. ఇరవై కంజీరలున్నాయి. మేం అడిగింది హీటరు.

ఇవాళ ఉత్తరాల రోజు. నిన్ను బాధపెట్టినవాళ్ళకి ఓ ఉత్తరం రాయి, పంపక్కర్లేదు, రాయడమే ముఖ్యం. తొమ్మిదేళ్ళుగా, ఈస్టరుకి ముందొచ్చే ప్రతి తపస్సుకాలంలోనూ రాయిస్తున్నాను. కాగితాలు పంచాను, పెన్సిళ్ళు చెక్కాను, కిటికీ మూశాను. అందరికంటే ముందు మా మేనల్లుడు టొనిన్ రాసిచ్చాడు. "మా నాన్నని చంపిన మనిషికి" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసి, క్షమించాను అని ముగించాడు. చేతిరాత బాగుంది. ఫాదర్ జోవలిన్ చదివి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన దేనికైనా తుడుచుకుంటారు.

టొనిన్ నాన్న మా తమ్ముడు కోల్. కోల్ పోయినప్పట్నుంచి టొనిన్‌ని పెంచింది నేనే. కోల్‌ని చంపిన మనిషిని నేనెప్పుడో క్షమించాను. ఏడేళ్ళ కిందట, కొండమీద ధ్యానశిబిరంలో, శనివారం మధ్యాహ్నం నాలుగింటికి. తరవాత కేకు పెట్టారు.

ఆఖర్న ఫాదర్ ఇంకో జాబితా తీశారు. ఇళ్ళ మధ్య రక్తం పగల వల్ల, బయటికొస్తే చంపేస్తారని గుమ్మం దాటలేని మగపిల్లలు మా పేటలో ఆరుగురున్నారు. వాళ్ళిళ్ళకి వెళ్ళి చదువు చెప్పే టీచరమ్మ జర్మనీ వెళ్ళిపోయింది. ఆ పని మేం పెద్దవాళ్ళం పంచుకోవాలి. ఫాదర్ పుట్టింది ఇక్కడ అల్బేనియాలోనే అయినా పెరిగింది ఇటలీలో, మా ష్కొదర్ ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పేర్లు చూసుకోకుండా వీధుల లెక్కన పంచేశారు. నా వంతు వచ్చిన ఇంటిపేరు ఆయన చదవగానే గదిలో అందరూ నావైపు తిరిగారు. నా నోట్లో బిస్కెట్టుంది. నమిలి మింగేసరికి ఆయన తరవాతి పేరుకి వెళ్ళిపోయారు.

మార్చి 4, శనివారం

ఫాదర్‌కి చెప్పాలి. సోమవారం చెబుతాను.

మార్చి 6, సోమవారం

పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పళ్ళ డాక్టరమ్మ పక్కన ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ చేసే తీరిక దొరకలేదు. మధ్యాహ్నం గంటన్నర ఖాళీగా ఉన్న మాట నిజమే.

మార్చి 9, గురువారం

పుస్తకాలు ఆ ఇంటి గేటు దగ్గర పెట్టి వచ్చేద్దామనే వెళ్ళాను. ఇది రాసిపెట్టుకోవాలి. ఎవరైనా అడిగితే ఇదే చెప్పాలి.

దిలా తలుపు తీసింది. ప్రెల్ భార్య. తొమ్మిదేళ్ళ కిందట కార్లు కడిగే చోట వరసలో ఎవరు ముందన్న గొడవలో ప్రెల్ మా కోల్‌ని కాల్చేశాడు. ఆరోజు సాయంత్రం వాన పడింది, కారు ఎలాగూ తడిసేది. ప్రెల్‌కి ఇరవై ఏళ్ళు జైలు పడింది. అది కోర్టు వ్యవహారం. పగ మా ఇంటి వ్యవహారం. ఒకదాంతో ఒకటి చెల్లదు. ప్రెల్ లోపలున్నాడు కాబట్టి అది కొడుకు రోక్ మీదికి వచ్చింది. పధ్నాలుగు నిండిన రోజునుంచి ఆ పిల్లవాడు గేటు దాటలేదు. ఇప్పుడు పదిహేడు.

దిలా నన్ను చూసి గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచేసింది. కానీ వచ్చిన ఆడమనిషిని గుమ్మంలో నిలబెట్టకూడదు, ఆమె ఎవరైనా సరే. రమ్మంది. రమ్మన్నాక వెళ్ళకపోతే తప్పు. మర్యాదకి పోయి ఇద్దరం ఇరుక్కున్నాం.

రోక్ పొడుగ్గా ఉన్నాడు. ముఖం తెల్లగా, ఎండ చూడని తెలుపు. చెవులు ప్రెల్‌వి. కోర్టులో మూడు రోజులు వెనక బెంచీ మీద కూర్చుని ఆ చెవులే చూశాను. పొరపాటుపడే ప్రశ్నే లేదు.

పుస్తకం తెరిచి లాగరిథమ్‌లు చూపించాడు. ఒకే తప్పు పదకొండు లెక్కల్లో చేశాడు. నేను చదువుకునే రోజుల్లో లెక్కల్లో ఫస్టు. ఆ తప్పు చూస్తూ ఊరుకోలేకపోయాను. నలభై నిమిషాలు తిట్టాను. మధ్యలో ఎప్పుడో కాఫీ వచ్చింది. తాగాను. కప్పు కింద పెట్టాక దిలా ముఖం చూశాను.

"తాగేశారా?" అంది.

"తాగేశాను."

"అలవాటమ్మా. మనిషొస్తే చేతులు వాటంతటవే పెట్టేస్తాయి."

"నాకూ అలవాటే."

"కొంచెం మిగిల్చారేమో చూడండి."

ఇద్దరం కప్పులోకి వంగి చూశాం. మడ్డి తప్ప ఏమీ లేదు.

రక్తం పగ ఉన్న ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టం. పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చాక, చనిపోయినవాడి ఇంటి పెద్ద వచ్చి చంపినవాడి ఇంట్లో కాఫీ తాగుతాడు. అప్పుడు పగ తీరినట్టు. దానికోసం కొన్ని ఇళ్ళలో ముప్ఫై ఏళ్ళు ఎదురుచూస్తారు. నేను లాగరిథమ్‌ల మధ్యలో కానిచ్చేశాను.

"ఎవరికీ చెప్పకపోతే?" అన్నాడు రోక్.

ఆ మాట పూర్తికాకుండానే ఎదురింటావిడ ఉప్పుకోసం వచ్చింది. నన్ను చూసింది, కప్పు చూసింది, ఉప్పు తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

మార్చి 10, శుక్రవారం

గుంపుకి పన్నెండు మంది. అందరూ గుసగుసలే. కంజీరలు వాయించాం. చాలాసేపు వాయించాం.

మార్చి 11, శనివారం

మా అన్నయ్య పష్క్ ఊళ్ళోకి మినీబస్సు నడుపుతాడు. మా ఇంటి పెద్ద ఆయనే. అన్నానికి కూర్చున్నాక రొట్టె అంతా ముక్కలు చేశాడు. తరవాత అడిగాడు.

"రాజీ ఎప్పుడు కుదుర్చుకున్నావు?"

"రాజీ కాదన్నయ్యా. కాఫీ."

"బస్సెక్కినవాళ్ళు నాతో చేతులు కలుపుతున్నారే! 'పెద్ద మనసయ్యా నీది, పష్క్' అంటున్నారు. నాకు తెలీకుండా నా మనసు ఎప్పుడు పెరిగిందో చెప్పు."

"అయితే మంచిదేగా."

"ఇంకోడు నన్ను చూసి ఉమ్మేసి, వెనక బస్సు ఎక్కాడు."

అమ్మ అంతదాకా తలెత్తలేదు. "అది తాగేటప్పుడు నీకు నా కొడుకు గుర్తు రాలేదా?" అంది.

"లాగరిథమ్‌లు గుర్తొచ్చాయమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. కొన్ని నిజాలు చెప్పకూడదు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

టొనిన్ ప్లేటు ముందుకు జరిపాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మార్చి 12, ఆదివారం

అన్నయ్య పాత కట్టుబాట్లు తెలిసిన ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎనభై ఆరేళ్ళు, వినపడదు. జరిగింది మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది, మూడోసారికి వీధంతా వింది. ఆయన గడ్డం నిమురుకుని తీర్పు చెప్పాడు.

"ఆడది తాగితే అది ఉత్త కాఫీ. లెక్కలోకి రాదు."

అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ పీల్చుకున్నాను. కాస్త ఒళ్ళు కూడా మండింది.

దారిలో అన్నయ్య అన్నాడు: "అయినా వాళ్ళ కాఫీ మన కడుపులో ఉండకూడదు. తిరిగిచ్చిరా."

"ఎలా ఇవ్వమంటావు?"

"పొట్లం కొని ఇచ్చెయ్. పావు కిలో. మంచిది కొను, పిసినారులం అనుకుంటారు."

మార్చి 16, గురువారం

పొట్లం ఇచ్చాను. దిలా తీసుకుంది. కానీ ఏదైనా తెచ్చినవాళ్ళని ఉత్త చేతుల్తో పంపకూడదు కదా. సీసాడు మిరపకాయల ఊరగాయ చేతిలో పెట్టింది.

అన్నయ్య సీసా చూశాడు. "ఇదేంటి?"

"ఊరగాయ."

"నిన్ను పంపింది ఇవ్వడానికి. తేవడానిక్కాదు."

సీసా వరండాలో పెట్టాం. తినడానికి లేదు, తిండి వస్తువు పారెయ్యడానికీ లేదు.

రోక్ లాగరిథమ్‌లు ఇప్పుడు సరిగ్గా చేస్తున్నాడు. తరవాత త్రికోణమితి ఉంది. సగంలో వదిలేస్తే చెప్పినదంతా దండగ. అందుకే గురువారాలు వెళ్తాను, ఇంకేం లేదు. ఇంట్లో డాక్టరమ్మ దగ్గర పని ఎక్కువని చెప్పాను.

మార్చి 21, మంగళవారం

ఊరగాయ సగం అయిపోయింది. ఎవరూ ఒప్పుకోలేదు.

మార్చి 30, గురువారం

దిలా ఇప్పుడు నా ముందు ఏమీ పెట్టదు. నీళ్ళు కూడా పెట్టదు. గంటసేపు చెప్పేసరికి నాలుక పిడచకట్టుకుపోతోంది. ఆమె గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది, అవెక్కడ అలవాటుపడి ఏం చేస్తాయోనని.

ఏప్రిల్ 7, పవిత్ర శుక్రవారం

సిలువ మోస్తూ ఊరంతా తిరిగాం. కూడలిలో క్షమాపణ గురించిన పాఠం నాచేత మైకులో చదివించారు. మధ్యలో రెండు లైన్లు వదిలేశాను, కాగితం ఎగిరిపోతోంది. చలిగాలి.

నేను క్షమించేశాను. ఏడేళ్ళ కిందట, ఆ శిబిరంలో, ఆదివారం పొద్దున పూజ అయ్యాక. బయట వాన పడుతోంది.

ఏప్రిల్ 20, గురువారం

రోక్ పుస్తకం మూసేసి కూర్చున్నాడు.

"టీచర్, జూన్‌లో స్కూలు ఆఖరి పరీక్షలు. బడికెళ్ళే రాయాలట. ప్రశ్నపత్రాలు ఇంటికి పంపరట."

"ఎవరు చెప్పారు?"

"రాసి పంపారు. ముద్ర కూడా ఉంది."

మొదటి పరీక్ష సాహిత్యం, తరవాత గణితం, ఆ తరవాత ఇంగ్లీషు. పాసైతే ఆస్ట్రియాలో నర్సింగ్ కోర్సుకి సీటుందట. అక్కడ ఎవరూ ఇతని ఇంటిపేరు అడగరు. ఫెయిలైతే ఈ గదే. వాళ్ళ గేటు నుంచి బడి గేటు దాకా ఎన్ని అడుగులో దిలా వెళ్ళి లెక్కపెట్టి వచ్చింది. పదహారు వందల పన్నెండు.

"మీరు మీ అన్నయ్యగారిని అడగరూ?" అంది దిలా. "పరీక్షల మూడ్రోజులూ ఏమీ చెయ్యనని మాటిస్తే చాలు. ఆయన మాటిస్తే తప్పడని ఊరంతా అంటారు."

అడుగుతానన్నాను.

ఏప్రిల్ 27, గురువారం

ఇంకా అడగలేదు. బస్సు బ్రేకులు పాడై అన్నయ్య చిరాగ్గా ఉన్నాడు.

మే 6, శనివారం

అడిగాను. ఇంకా వెళ్తున్నానని తెలిసి ఇల్లు పీకి పందిరేస్తాడనుకున్నాను. తెలిసే ఉందట. గురువారాలు ఆ డాక్టరమ్మ క్లినిక్ మూసేస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసట.

"మాట ఇవ్వను" అన్నాడు.

"అయితే చంపుతావా?"

"చంపుతానని అన్నానా?"

"మరి ఏమంటావు?"

"ఏమీ అనను. చేస్తాననను, చెయ్యననను. నేను మాటిస్తే ఊరు నన్ను గాజులేసుకోమంటుంది. మాటివ్వకపోతే నువ్వు హంతకుణ్ణి చూసినట్టు చూస్తున్నావు. నేను బస్సు నడుపుకునేవాణ్ణే, నన్ను వదిలెయ్యండి." బూట్లు తొడుక్కుంటూ, "అయినా ఇంకో వారం పోతే అడగాల్సింది నన్ను కాదు. టొనిన్‌కి పద్ధెనిమిది నిండుతాయి. తండ్రి రక్తం వాడిది" అన్నాడు.

టొనిన్ గురించి నాకే భయమూ లేదు. రెండు పేజీల ఉత్తరం రాశాడు.

మే 14, ఆదివారం

టొనిన్ పుట్టినరోజు. గొర్రెపిల్లని కాల్చారు. చుట్టాలొచ్చారు. ప్రతివాడూ వాడి భుజం తట్టి "మగాడివయ్యావురా" అన్నాడు. టొనిన్‌ని గిటారు వాయించమని నేనడిగితే ఎవరూ పట్టించుకోలేదు.

ఆ చెవిటి ముసలాయన కూడా వచ్చాడు. అందరికీ సారా పోశాడు. టొనిన్ వంతు వచ్చేసరికి తన మోకాలెత్తి, గ్లాసు మోకాలి కిందనుంచి అందించాడు.

తండ్రి రక్తానికి బదులు తీర్చనివాడికి అలా ఇస్తారు, వీడింకా మగాళ్ళలో లెక్క కాదని. చిన్నప్పుడు కథల్లో విన్నానే గాని కళ్ళతో చూడటం ఇదే. అన్నయ్య ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాడు.

టొనిన్ గ్లాసు తీసుకున్నాడు, తాగాడు, థాంక్స్ అన్నాడు.

మే 15, సోమవారం

ఏం లేదు.

మే 16, మంగళవారం

ఏం లేదు. టొనిన్ అన్నానికి రాలేదు. పరీక్షలకి చదువుతున్నాడట.

మే 19, శుక్రవారం

గుంపు అయ్యాక టొనిన్ కుర్చీలు సర్దడానికి ఉండిపోయాడు. నేనే కదిపాను.

"ఆ ముసలాయన మాటలు పట్టించుకోకు."

"ఆయనేం మాట్లాడలేదుగా అత్తా."

"నువ్వు క్షమించావు. ఉత్తరం రాశావు. గుర్తుందా?"

"ఏటా రాస్తున్నా. నీకు ఏం రాస్తే నచ్చుతుందో తెలుసు."

చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వు ఒక్కసారీ రాయలేదుగా" అన్నాడు. కోపంగా కాదు, టైమెంతైందో చెబుతున్నట్టు. "కాగితాలు పంచుతావు, పెన్సిళ్ళు చెక్కుతావు. మేం రాసినంతసేపూ కిటికీ దగ్గర నిలబడతావు. చిన్నప్పట్నుంచి చూస్తున్నా. పిల్లలందరికీ తెలుసు."

"నేను ఎప్పుడో క్షమించాను. శిబిరంలో..."

"అది కూడా తెలుసత్తా. కేకు పెట్టారు."

మిగతా కుర్చీలన్నీ వాడే సర్దాడు. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులన్న మాట నాకు బాగా నప్పింది. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటూ ఏడ్చాను. సబ్బు వల్ల కాదు.

మే 25, గురువారం

ఫాదర్‌కి విషయం అంతా చెప్పాను, మొదటినుంచీ. ఆయన తల పట్టుకున్నారు. "నాకు ముందే చెప్పొచ్చుగా ద్రానే" అన్నారు. నోట్లో బిస్కెట్టు ఉందని చెప్పాను. కాసేపటికి ఆయన ముఖం వెలిగింది. పరీక్షరోజు గుంపులోని పిల్లలతో కలిసి అందరం రోక్ చుట్టూ పాటలు పాడుకుంటూ, కంజీరలు వాయిస్తూ బడిదాకా వెళ్దామన్నారు.

"కంజీరలు వద్దు ఫాదర్" అన్నాను. ఎవడో ఒకడు కాలిస్తే ఎవరి పిల్లకి తగులుతుందో తెలీదు. ఆయన మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. ఈసారి నాకు విసుగు రాలేదు.

సాయంత్రం పాఠం అయ్యాక దిలా గేటు దాకా వచ్చింది.

"ఆడదాని పక్కన నడిచే మగాణ్ణి కాల్చకూడదంటారుగా" అంది.

"అంటారు. మీరు తోడెళ్ళొచ్చు."

"అదంతా పాతరోజుల మాటమ్మా. మొన్నేగా పై ఊళ్ళో ఒకణ్ణి పెళ్ళాం పక్కనే కాల్చేశారు. నా పక్కన నడిస్తే నాతో కలిపి ఇద్దర్నీ కాలుస్తారు. మీ పక్కన నడిస్తే మీవాళ్ళు ఆలోచిస్తారు. వాళ్ళింటి ఆడపడుచు కదా." గేటు పట్టుకుంది. "మిమ్మల్ని అడగడానికి నాకు నోరెలా వచ్చిందో నాకే తెలీదు. వాడికి వేరే దారి లేదు."

మొదటి పరీక్ష రోజు, జూన్ ఆరో తారీఖు, డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్లు ఉన్నాయేమో చూసుకోవాలన్నాను.

జూన్ 2, శుక్రవారం

అపాయింట్‌మెంట్లు లేవు.

జూన్ 5, సోమవారం

రేపు సెలవు కావాలన్నాను. ఎందుకని అడిగితే పన్ను నొప్పి అన్నాను. డాక్టరమ్మ నోరు తెరవమంది.

జూన్ 6, మంగళవారం

అంతా రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

తొమ్మిదింటికి వాళ్ళ గేటు దగ్గరున్నాను. రోక్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు దాటాక ఆగిపోయాడు. మూడేళ్ళుగా చూడని వీధి. ఒక పిల్లి అడ్డమొచ్చింది, దాన్ని కూడా చూస్తూ నిలబడ్డాడు. దిలా లోపలే ఉండిపోయింది. తనొస్తే సగం దారిలో వాణ్ణి వెనక్కి లాక్కొచ్చేస్తానని చెప్పింది.

నా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. మా ఇద్దరి మధ్యలో పెట్టుకున్నాను. టైర్లో గాలి తక్కువుందని అతనికి చెప్పాను. గాలి సరిపడా ఉంది.

వంతెన దాటాం. తరవాత అతను "టీచర్, చెట్లు పెరిగాయి" అన్నాడు. "పెరుగుతాయి" అన్నాను. పక్కనుంచి చూస్తే చెవులొక్కటే కాదు, నడక కూడా ప్రెల్‌దే. ఎడమ భుజం కాస్త కిందికి. నాకు అసహ్యం వేసింది. ఇది రాస్తున్నాను ఎందుకంటే అదే నిజం. పాఠం చెప్పినన్నాళ్ళూ కూర్చునే ఉన్నాడు, ఆ నడక నేను చూడలేదు.

మందుల షాపు మూల దగ్గర చెప్పు సరిచేసుకోవాలని ఆగాను. అతను గమనించలేదు. ముందుకెళ్ళాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగడుగులు. ఎదురుగా కాఫీహోటలు, దాని ముందు బల్లల దగ్గర మా అన్నయ్య, చుట్టూ నలుగురు. రోక్ ఖాళీ రోడ్డు మీద ఒక్కడే నడుస్తున్నాడు. నేను వంగి చెప్పు పట్టుకుని చూస్తున్నాను. కోల్ కూడా ఒక్కడే పడిపోయాడు, రోడ్డు మీద, పక్కన ఎవరూ లేరు.

నా చెప్పు బాగానే ఉంది.

అప్పుడు రోక్ వెనక్కి తిరిగాడు. నేను పక్కన లేనని చూసుకున్నాడు. పరిగెత్తలేదు. "టీచర్?" అన్నాడు, లెక్క అర్థంకానప్పుడు అడిగినట్టే. అక్కడే ఆగి నా కోసం చూస్తున్నాడు. నన్ను నమ్మాడు. ఆ నమ్మకం చూసి నాకు నా మీద భయం వేసింది.

లేచాను. సైకిలు ఇటువైపుకి మార్చుకున్నాను, మధ్యలో లేకుండా. అతని పక్కకి వెళ్ళాను.

మేం దగ్గరికొచ్చేసరికి అన్నయ్య లేచి, కుర్చీ తిప్పి, గోడవైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళలోకి ఎండ పడుతోందని మిగతావాళ్ళతో అన్నాడు. పొద్దున్నించీ మబ్బు.

గట్టెక్కామనుకున్నాను. అప్పుడు వెనక అడుగులు వినిపించాయి. టొనిన్. భుజం మీదుగా ఓరగా ఒక్కసారి చూశాను, పదిగజాల వెనక వస్తున్నాడు. జూన్ నెల ఉక్కపోతలో నల్లకోటు వేసుకున్నాడు, మెడదాకా గుండీలు. కుడిచెయ్యి కోటు లోపల. నేను పూర్తిగా వెనక్కి తిరిగితే రోక్ కూడా తిరుగుతాడు. తిరగలేదు. అడుగులు ఎడమవైపు జరిగితే నేను ఎడమవైపు జరిగాను. కుడివైపైతే కుడివైపు. నేను పెంచిన పిల్లవాడికీ ఈ పిల్లవాడికీ మధ్యలో నా వీపు ఉండేలా ఆరు వందల అడుగులు నడిచాను. దేవుణ్ణి ఏమీ అడగలేకపోయాను. మాటలు గుర్తురాలేదు.

బడి గేటు దగ్గర బల్లవేసి జేబులన్నీ ఖాళీ చేయిస్తున్నారు. రోక్ రెండు పెన్నులు, గుర్తింపు కార్డు పెట్టాడు, లోపలికి వెళ్ళాడు. టొనిన్ వంతు వచ్చింది.

"కోటు విప్పు" అంది అక్కడి టీచరు.

"చలిగా ఉందండీ."

"విప్పరా."

విప్పాడు. లోపలి జేబులోంచి, లైనింగులోంచి, చేతుల మడతల్లోంచి చీటీలు రాలాయి. చుట్టలు చుట్టినవి, మడతపెట్టినవి, దారం కట్టినవి. సాహిత్యం సిలబస్ మొత్తం ఆ కోటులో ఉంది. ఇంకేమీ లేదు. నేను వెళ్ళి తడిమి చూశాను కూడా. ఇంకేమీ లేదు.

నేను నవ్వాను. ఎంతకీ ఆగలేదు, తరవాత అది ఏడుపైంది. "ఎవరండీ మీరు?" అంది ఆ టీచరు. "వీడి మేనత్తని" అన్నాను. "చర్చిలో పిల్లలకి నీతి నేర్పుతాను." ఆవిడ నావైపు జాలిగా చూసి, చీటీలన్నీ తీసుకుని, వాడి నెత్తిమీద ఒకటిచ్చి లోపలికి పంపింది.

మధ్యాహ్నం రోక్‌ని తిరిగి ఇంటిదాకా తీసుకెళ్ళాను. అన్నయ్య కుర్చీ ఇంకా గోడవైపే ఉంది.

సాయంత్రం వరండాలో టొనిన్‌ని అడిగాను. "నా వెనకెందుకు వచ్చావు?"

"నా పరీక్షా అక్కడేగా."

"పదిగజాల దూరంలో ఎందుకు?"

వాడు మెట్టు మీద కూర్చున్నాడు. "వాణ్ణి చూద్దామని. అంతే. చూస్తే ఏమనిపిస్తుందో తెలుసుకుందామని."

"ఏమనిపించింది?"

"నువ్వు చెప్పు పట్టుకుని కూర్చున్నప్పుడు నీకేమనిపించిందో అదే." వాడు చూశాడన్నమాట. "కంగారుపడకత్తా. ఎవరికీ చెప్పను."

"నేను క్షమించలేదురా" అన్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి పైకి అన్నాను.

"నేనూ క్షమించలేదు" అన్నాడు.

చాలాసేపు కూర్చున్నాం. ఇద్దరిలో ఎవరం ఎవరికీ నీతులు చెప్పలేదు.

జూన్ 8, గురువారం

రేపు గణితం. దిలా కబురు పంపింది, వస్తానని చెప్పాను. అమ్మ నాతో ఇంకా మాట్లాడటం లేదు. టొనిన్ రేపు కూడా వెనకే వస్తాడట, కోటు లేకుండా. గుంపులో మరో ఇద్దరికి అక్కడే పరీక్ష, వాళ్ళూ వస్తామన్నారట. వద్దని చెప్పు అన్నాను. చెప్పానత్తా, వినలేదు అన్నాడు.

శిబిరంలో ఆరోజు ఏమీ జరగలేదు. ఫాదరెవరో ఎంతమంది క్షమించారో చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు, నేనూ ఎత్తాను.

క్షమించలేదు. ఎప్పటికి క్షమిస్తానో తెలీదు. తొమ్మిదింటికి వాళ్ళ గేటు దగ్గరుండాలి.